లా పాజ్‌లో కాపురం: పల్చని గాలి నేర్పే పద్ధతులు

బొలీవియాలోని లా పాజ్‌కు ఉద్యోగం మీద రాబోతున్నవారు నన్ను మొదట అడిగేది ఊపిరి గురించే. అక్కడ ఆక్సిజన్ అందదట కదా, సిలిండరు కొనుక్కోవాలా, మెట్లు ఎక్కగలమా అని. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఊపిరి సంగతి రెండు మూడు వారాల్లో ఒక దారికి వస్తుంది. ఆ తరువాత నెలల తరబడి విసిగించేవి వేరే ఉన్నాయి: ఎంతకీ ఉడకని పప్పు, వీధికంటే చల్లగా ఉండే ఇల్లు, చలిలోనే చర్మాన్ని కాల్చే ఎండ. వీటన్నిటికీ కారణం ఒకటే, గాలి పల్చన. ఆ ఒక్క విషయం పట్టుబడితే ఏది ఎందుకు అలా జరుగుతోందో, ఏం చేయాలో మీకే తోస్తుంది.

నాది గుంటూరు. ఇక్కడ ఒక నిర్మాణ ప్రాజెక్టులో లెక్కలు చూస్తాను. గుంటూరు భూమధ్యరేఖకు ఉత్తరాన పదహారు డిగ్రీల పైచిలుకులో ఉంటే, లా పాజ్ దక్షిణాన పదహారున్నరలో ఉంది. రేఖకు అటు మనం ఎంత దూరమో ఇటు ఈ ఊరూ దాదాపు అంతే దూరం. అయినా అక్కడ ఉక్కపోత, ఇక్కడ ఉన్ని టోపీ. ఈ తేడా అంతా ఎత్తు వల్లే. నగర మధ్యభాగం సముద్రమట్టానికి సుమారు 3,640 మీటర్లు. గాలిలో ఆక్సిజన్ వాటా అక్కడా ఇక్కడా 21 శాతమే కానీ, గాలి పీడనం తీరప్రాంతంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. అంటే ఒక్కో శ్వాసకు వచ్చే సరుకే తక్కువన్నమాట.

బయలుదేరే ముందు

ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఎత్తైన చోట శరీరం కొత్తగా ఎర్ర రక్తకణాలు తయారు చేసుకుంటుంది, దానికి ఇనుము కావాలి. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత మామూలో తెలిసిందే. హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) కూడా చూపించుకుని, తక్కువగా ఉంటే డాక్టరు సలహాతో రెండు మూడు నెలల ముందు నుంచే మాత్రలు వాడండి. సికిల్ సెల్ (తల్లిదండ్రుల నుంచి వచ్చే ఎర్ర రక్తకణాల లోపం) గురించి ఎవరూ అడగరు, అడగాలి. మన్యంలో, ఆదిలాబాద్ వైపు గిరిజన కుటుంబాల్లో ఈ లక్షణం ఎక్కువగా కనిపిస్తుంది. జబ్బు బయటపడకుండా లక్షణం మాత్రమే ఉన్నవారికి కూడా ఇంత ఎత్తులో ప్లీహం దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, గర్భిణులు డాక్టరుతో గట్టిగా మాట్లాడకుండా టికెట్ కొనవద్దు.

ఎత్తు ప్రాంతాలకు వెళ్లేవారికి ఎత్తు బాధ రాకుండా అసిటజోలమైడ్ అనే మాత్ర రాస్తారు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి ముందే చెప్పాలి. ఇది వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా చప్పగా అనిపిస్తుంది. రెండూ మామూలే, కంగారుపడనక్కర్లేదు.

ఎల్లో ఫీవర్ టీకా పసుపు కార్డు లేకుండా కదలవద్దు. బొలీవియా ఆ జ్వరం ఉన్న దేశాల జాబితాలో ఉంది. కార్డు లేకుండా తిరిగి భారతదేశంలో దిగితే విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెట్టగలరు. టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదువారికి నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు.

ఇక పెట్టె. ప్రెషర్ కుక్కరు, దానికి అదనంగా రెండు గాస్కెట్లు, ఒక సేఫ్టీ వాల్వు. చీర తగ్గించుకునైనా కుక్కరుకు చోటు చేయండి. కొబ్బరినూనె సన్నమూతి సీసాలో తేవద్దు. 24 డిగ్రీల లోపు అది గడ్డకడుతుంది, లా పాజ్ ఇళ్లలో అంత వేడి ఎప్పుడూ ఉండదు, కాబట్టి చెంచా దూరే వెడల్పు డబ్బా కావాలి. పచ్చళ్ల విషయం ఇంకా ముఖ్యం. గుంటూరులో మూత బిగించిన సీసాలో గుంటూరు గాలి ఉంటుంది. ఇక్కడ బయటి ఒత్తిడి తగ్గేసరికి ఆ గాలి బయటకు తోస్తుంది, ఆవకాయ నూనె మొత్తం బట్టలకు పడుతుంది. సీసాను గాలి మిగలకుండా నిండుగా నింపండి, రెండు కవర్లలో చుట్టండి, ఇక్కడికి వచ్చాక సింకులో పెట్టి మూత నెమ్మదిగా తిప్పండి. షాంపూ సీసాలదీ ఇదే కథ.

ఎలా దిగాలి

విమానాశ్రయం లా పాజ్‌లో కాదు, పైన ఎల్ ఆల్తోలో ఉంది. ఎత్తు 4,061 మీటర్లు. అంటే ఊరిలోని అతి కష్టమైన చోటే మీకు మొట్టమొదట ఎదురవుతుంది. సామాను మీరు ఎత్తవద్దు, డబ్బులిచ్చి ఎత్తించండి. అక్కడ మొహమాటం, పౌరుషం రెండూ పనికిరావు.

వీలుంటే మెట్టుమెట్టుగా రండి. చాలా విమానాలు సాంతా క్రూజ్ మీదుగానే వస్తాయి, అది దాదాపు 400 మీటర్ల ఎత్తులో మన వాతావరణమే. అక్కడి నుంచి నేరుగా పైకి రాకుండా, 2,560 మీటర్ల ఎత్తున్న కొచాబాంబాలో రెండు మూడు రాత్రులు ఉండి వస్తే మొదటి వారం బాధ బాగా తగ్గుతుంది. కంపెనీ ఖర్చు పెట్టనంటుంది. మీరు పెట్టుకోండి, తలనొప్పితో పాడయ్యే వారంకంటే అది చవక.

లా పాజ్ పెద్ద గిన్నెలాంటి లోయలో ఉంది. లోకమంతటా డబ్బున్నవాళ్లు కొండమీద మేడలు కట్టుకుంటారు, ఇక్కడ మాత్రం డబ్బున్నవాళ్లు అడుగున ఉంటారు. కలకోతో, ఓబ్రాహెస్, అచుమానీ లాంటి పేటలు కేంద్రంకంటే కొన్ని వందల మీటర్లు దిగువన ఉంటాయి, నాలుగు డిగ్రీలు వెచ్చగానూ ఉంటాయి. మొదటి అద్దె ఇల్లు అటువైపే చూసుకోండి, ముఖ్యంగా పిల్లలున్నవారు.

మొదటి వారం

ఇక్కడివాళ్లు కొత్తవారికి చెప్పే మాట ఒకటుంది: “కమినార్ దెస్పసీతో, కొమెర్ పొకీతో, దోర్మీర్ సోలీతో.” మెల్లగా నడువు, కొంచెం తిను, ఒంటరిగా పడుకో. మూడోది కొత్త దంపతులకు నచ్చదు గానీ, మొదటి రెండూ నిఖార్సయిన వైద్యం. అరుగుదల మందగిస్తుంది కాబట్టి రాత్రి భోజనం ఏడింటికల్లా ముగించండి, పెరుగన్నం చాలు. మద్యం, నిద్రమాత్రలు ఆ వారం ముట్టవద్దు. ఈ రెండూ నిద్రలో శ్వాసను మరింత తగ్గిస్తాయి.

రాత్రిపూట ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తారు. పక్కన పడుకున్నవారు ఇంకా ఎక్కువ భయపడతారు. నాలుగు పెద్ద శ్వాసలు, చిన్న విరామం, మళ్లీ పెద్ద శ్వాసలు: ఎత్తులో చాలామంది నిద్ర ఇలాగే ఉంటుంది. మూత్రానికి ఎక్కువసార్లు వెళ్లడం కూడా శరీరం సర్దుకుంటోందనడానికి గుర్తు. దానికి భయపడి నీళ్లు తగ్గించవద్దు.

కోవిడ్ కాలంలో కొన్న ఆక్సీమీటరు ఇంట్లో ఉంటే తెచ్చుకోండి కానీ, దాన్ని చదవడం కొత్తగా నేర్చుకోవాలి. అప్పట్లో 94 దాటకపోతే ఆసుపత్రికి పరిగెత్తాం. ఇక్కడ ఏళ్ల తరబడి ఉంటున్న ఆరోగ్యవంతులకే 90కి అటూఇటూ ఉంటుంది, కొత్తవారికి ఇంకా తగ్గుతుంది. ఆ అంకె ఫొటో తీసి ఊళ్లో అమ్మకు పంపితే రాత్రంతా ఫోన్లు ఆగవు. అంకెకంటే మనిషిని చూడండి. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, గురగుర శబ్దం ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందన్నమాట. నడక తూలడం, మాట తడబడటం, మనిషి మనిషిలా లేకపోవడం కనిపిస్తే మెదడు వాస్తున్నట్టు. నేలమీద గీత గీసి మడమకు మునివేళ్లు తగిలేలా నడవమనండి, తూలితే ఇక ఆలోచించవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఆక్సిజన్ పెట్టించాలి, కిందికి దిగాలి. కిందికి అంటే రోడ్డు మీద కొరోయికో వైపు కాదు. ఆ ఊరు దిగువనే ఉన్నా, దారి ముందు 4,600 మీటర్లకు పైగా ఉన్న లా కుంబ్రే కనుమ ఎక్కి దిగుతుంది. డాక్టరు పర్యవేక్షణలో విమానంలో సాంతా క్రూజ్‌కు వెళ్లడమే సరైన దారి.

దుకాణాల్లో అమ్మే డబ్బా ఆక్సిజన్ మీద నాకు గౌరవం లేదు. నాలుగు పీల్పులకు అయిపోతుంది, పర్సు కూడా తేలికవుతుంది.

కోకా ఆకు టీ గురించి. ఇక్కడ అది చట్టబద్ధం, హోటల్లో దిగగానే ఇస్తారు, మర్యాదగా తాగవచ్చు. కానీ ఉద్యోగంలో మత్తుమందుల పరీక్ష ఉన్నవారు ముట్టవద్దు, ఒక్క కప్పు టీ కూడా మూత్రపరీక్షలో కొకైన్ కింద పట్టుబడవచ్చు. టీ పొట్లాలు గుర్తుగా ఇండియాకు తీసుకెళ్లడం మాటే తలపెట్టవద్దు, అక్కడ అది నేరం.

ఇల్లు: చలి ఉండేది లోపలే

పగలు బయట 15 డిగ్రీల దాకా ఉంటుంది, ఎండలో నిలబడితే స్వెటరు విప్పేయాలనిపిస్తుంది. జూన్, జూలై రాత్రుల్లో సున్నా దగ్గరకు దిగుతుంది, ఎల్ ఆల్తోలో సున్నాకు దిగువకు పోతుంది. కెనడాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి ఇది విని నవ్వాడు. నవ్వవచ్చు, అతని ఇంట్లో హీటరు ఇంటితోపాటే కట్టి ఉంది. ఇక్కడి ఇళ్లలో అలాంటి ఏర్పాటు ఉండదు. ఇటుక గోడలు, నాపరాతి నేల, కిటికీ సందుల్లోంచి గాలి. బయట ఎంత చలో తెల్లవారుజామున లోపల దాదాపు అంతే చలి.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు వంటగది పలకలు, బాత్రూము మెరుపు కాదు చూడవలసింది. ఉత్తరం వైపు పెద్ద కిటికీలున్నాయా అని చూడండి. మనం దక్షిణార్ధగోళంలో ఉన్నాం. చలికాలంలో సూర్యుడు ఇక్కడ ఉత్తరం వైపు నడుస్తాడు. ఉత్తరం కిటికీ ఉన్న గది పగలంతా ఎండ తాగి రాత్రి పదింటిదాకా ఓర్చుకోదగినట్టు ఉంటుంది. దక్షిణం కిటికీ గదిలో మధ్యాహ్నం కూడా వేళ్లు కొంకర్లు పోతాయి. వాస్తు చూసే అత్తగారికి ఉత్తర ముఖం ఇల్లు అని చెప్పండి, ఆవిడా సంతోషిస్తారు. ఇల్లు చూడటానికి సాయంత్రం ఐదు తరువాత వెళ్లండి. మధ్యాహ్నం ఎండలో ప్రతి ఇల్లూ బాగానే ఉంటుంది.

గ్యాస్ హీటరు కొంటే పడుకునేముందు ఆపేయాలి, వాడుతున్నంతసేపూ కిటికీ రెండు వేళ్ల సందు తెరిచి ఉంచాలి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పైగా దాని మొదటి లక్షణాలైన తలనొప్పి, వికారం అచ్చంగా ఎత్తు బాధలాగే ఉంటాయి, మనిషి పొరబడతాడు. ఆ వాయువును పసిగట్టి మోగే అలారం ఒకటి తెచ్చుకోవడం తెలివైన పని. నా మటుకు నేను హీటరుకంటే అల్పాకా ఉన్ని దుప్పటినీ, వేడినీళ్ల సంచినీ నమ్ముతాను.

స్నానానికి చాలా ఇళ్లలో షవరు తలలోనే విద్యుత్ హీటరు ఉంటుంది. కుళాయి పూర్తిగా తిప్పితే చన్నీళ్లు వస్తాయి, తగ్గిస్తే వేడెక్కుతాయి. మన చెయ్యి అలవాటుగా ఎక్కువ తిప్పుతుంది. తడి చేత్తో ఆ షవరు తలను తాకవద్దు. పాత ఇళ్లలో 110 వోల్టుల ప్లగ్గులు కూడా కనబడవచ్చు, మిక్సీ పెట్టేముందు ఇంటివారిని అడగండి.

వంటగది

ఇక్కడ నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పైన పీడనం తక్కువ కాబట్టి అంతకుమించి వేడెక్కక ముందే ఆవిరైపోతాయి. మంట ఎంత పెంచినా నీళ్లు తొందరగా ఇంకిపోవడమే తప్ప పప్పు ఉడకదు. విడిగా గిన్నెలో కందిపప్పు పెట్టి గంటసేపు నిలబడినా బద్ద బద్దగానే ఉంటుంది.

కుక్కరు ఎందుకు తప్పదో ఇప్పుడు తెలిసింది కదా. అయితే కుక్కరు కూడా ఇక్కడ పూర్తి బలంతో పనిచేయదు. బయటి పీడనానికి తన బరువు మేరకు కలుపుతుంది అంతే. బయటిదే తక్కువైనప్పుడు లోపలి వేడి గుంటూరులోకంటే ఐదారు డిగ్రీలు తగ్గుతుంది. పప్పు గంట నానబెట్టి, ఊళ్లో మూడు కూతలు పెట్టేచోట ఐదు పెట్టండి. శనగలు రాత్రంతా నానాలి. బియ్యం కూడా అరగంట నానబెట్టి కుక్కరులోనే వండండి, వార్చడం మరిచిపోండి, అలా వండితే గింజ మధ్యలో పలుకు ఉండిపోతుంది. గుడ్డు గట్టిగా ఉడకాలంటే పావుగంట పైనే పడుతుంది. ఇడ్లీ ఆవిరి కూడా అదే 88 డిగ్రీలు కాబట్టి ఇరవై నిమిషాలు ఇవ్వండి.

ఇడ్లీకి అసలు చిక్కు పిండి పులియడం. వంటగదిలో పెడితే రెండు రోజులైనా కదలదు. మూసిన ఓవెన్‌లో పిండి గిన్నె పక్కన మరుగునీళ్ల గిన్నె పెట్టి, రాత్రికి ఒకసారి నీళ్లు మార్చండి. తెల్లారేసరికి పొంగుతుంది. గిన్నె పెద్దది తీసుకోండి. పల్చని గాలిలో బుడగలు మరింత ఉబ్బుతాయి, పొంగడం మొదలైతే ఆగదు.

గారెలు, పకోడీలు సన్నని మంట మీద వేయాలి. పిండిలోని నీరు తక్కువ వేడికే ఆవిరవుతుంది, అందుకని లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. పాకం విషయంలో మాత్రం మన అమ్మమ్మలదే పైచేయి. పుస్తకం చూసి థర్మామీటరుతో పాకం పడితే ఇక్కడ ముదిరిపోతుంది, ఎందుకంటే ప్రతి పాకమూ పది పన్నెండు డిగ్రీల ముందే వచ్చేస్తుంది. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి ఉండ కట్టి చూసే పద్ధతి ఏ ఎత్తులోనైనా సరిగ్గానే చెబుతుంది. బెల్లం బదులు బజారులో చంకాకా అడగండి, అరిసెలకు బాగుంటుంది.

టీ ప్రియులకు చెడ్డవార్త: ఈ వేడికి ఆకు రంగు సరిగ్గా దిగదు. పొడి ఎక్కువ వేసి పాలతో కలిపి ఎక్కువసేపు మరగించడమే మార్గం. కాఫీకి ఆ బాధ లేదు, ఫిల్టరు డికాక్షనుకు 88 డిగ్రీలు చాలు. కరనావి వైపు కొండవాలుల్లో పండే గింజలు చాలా మంచివి. నేను టీ మానేసి కాఫీలోకి మారిపోయాను.

కందిపప్పు దొరకదు, తెచ్చుకోవాలి. మసూరు జాతి పప్పులు, ఎండు బఠాణీ బద్దలు, జీలకర్ర, వేరుశనగ పుష్కలం. వేరుశనగతో చారులాంటి సూపు ఇక్కడి ఇంటి వంట. మిరపకాయకు లొకోతో అని ఒకటుంది. చిన్న టమాటాలా గుండ్రంగా, దళసరిగా, లోపల నల్ల గింజలతో ఉంటుంది, కారం మాత్రం గుంటూరు మనిషినీ కూర్చోబెడుతుంది. దాన్ని టమాటాతో, కిర్కిన్యా అనే ఘాటైన ఆకుతో రాతి మీద నూరి యహువా అని ప్రతి భోజనంలోనూ పెడతారు. రోటి పచ్చడి తిని పెరిగినవారికి అంతకంటే పరిచయం అక్కర్లేదు. నేను అందులో పోపు వేసి అన్నంలో కలుపుకుంటాను. శాకాహారులు హోటల్లో “సిన్ కార్నే” (మాంసం లేకుండా) అంటే సరిపోదు, కోడి వచ్చేస్తుంది. “సిన్ పోయో” (కోడి లేకుండా) అని కూడా చేర్చండి, సూపు దేనితో కాచారో అడగండి.

ఎండ, బట్టలు

గాలి పల్చనైతే అతినీలలోహిత కిరణాలను ఆపేది కూడా తగ్గుతుంది. వాటి తీవ్రతను కొలిచే యూవీ సూచీ 11 దాటితే అత్యంత తీవ్రం అంటారు, ఇక్కడ అది మామూలుగా దాటుతుంది. మన నల్లటి చర్మానికి ఏమవుతుందిలే అనుకోవద్దు, ముక్కు, చెవుల అంచులు ముందు పొట్టురేగుతాయి. సన్‌స్క్రీన్, చలువ కళ్లద్దాలు, అంచున్న టోపీ, పెదవులకు మైనం. వీధిలో ఎండ వైపుకూ నీడ వైపుకూ ఒక కోటు తేడా ఉంటుంది కాబట్టి ఒక్క లావు కోటుకంటే పొరలుగా వేసుకోండి. చలికాలం పొడిగాలికి ముక్కులోంచి రక్తం చారలు వస్తే కొంచెం నెయ్యి రాయండి. వానలు డిసెంబరు నుంచి మార్చి దాకా, వడగళ్లతో. లెక్కకు అది వేసవి.

వీధి, బజారు

కొండ ఎక్కే పని కేబుల్ కారుకు వదిలేయండి. 2014లో మొదలైన మి తెలెఫెరికో ఊరంతటినీ రంగుల గీతలతో కలుపుతుంది. ఎరుపు గీత ఎల్ ఆల్తోకు, ఆకుపచ్చ గీత కింది పేటలకు. మినీబస్సు ఎక్కగానే లోపల ఉన్నవాళ్లకు “బ్వేనోస్ దియాస్” (శుభోదయం) అనండి, అనకపోతే మొరటువాడిగా లెక్కేస్తారు. బజారులో ఒకే అమ్మ దగ్గర కొంటూ ఉంటే ఆవిడ మీకు ‘కసేరా’ (వాడుక మనిషి) అవుతుంది, మీరూ ఆవిడకు అదే అవుతారు. కొన్నాక కొసరు అడగడం ఇక్కడా హక్కే, “యాపా” అనాలి. “అవొరీతా” అంటే ఇప్పుడే అని చెబుతారు, దాన్ని నమ్మి నిలబడి ఉండవద్దు.

రోడ్ల దిగ్బంధాలు తరచుగా జరుగుతాయి. కూరగాయలు, కోళ్లు, గ్యాస్ అన్నీ దిగువ నుంచి రావాలి, దారి మూస్తే మూడో రోజుకే ధరలు ఎగురుతాయి. రెండు వారాల బియ్యం, పప్పు, నిండు గ్యాస్ బండ ఒకటి ఎప్పుడూ పక్కన ఉంచండి. బండల లారీ చప్పుడు చేసుకుంటూ వీధిలోకే వస్తుంది, ఖాళీ బండ ఇచ్చి నిండుది తీసుకోవాలి.

ఇంటికి ఫోను చేయడానికి తొమ్మిదిన్నర గంటల తేడా గుర్తుంచుకోండి. ఇక్కడ ఉదయం ఏడున్నర అయితే అక్కడ సాయంత్రం ఐదు, అదే మంచి సమయం.

సెలవులకు వెళ్లి వచ్చాక

సముద్రమట్టంలో మూడు నాలుగు వారాలు గడిపితే శరీరం నేర్చుకున్నది చాలావరకు మరిచిపోతుంది. ఏడాదులుగా ఇక్కడే ఉంటున్నాం, మాకేమవుతుంది అనే ధీమా ప్రమాదకరం. తిరిగివచ్చిన మొదటి రెండు మూడు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఇక్కడే పెరిగిన పిల్లల్లో కూడా జరుగుతుంది. కాబట్టి వేసవి సెలవులకు గుంటూరు వెళ్లి వచ్చాక పిల్లలను మూడు రోజులు ఆటలకు పంపవద్దు, రాత్రి దగ్గు, ఆయాసం ఉన్నాయేమో లేచి చూడండి, మీరూ కొత్తవారిలాగే మెల్లగా నడవండి. చాలా ఏళ్లు ఉండబోయేవారు ఏటా హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. కొందరిలో అది అతిగా పెరిగి రక్తం చిక్కబడుతుంది, అప్పుడు డాక్టరు కిందికి మారమంటే మారిపోవడమే. పసుపు కార్డును మాత్రం పాస్‌పోర్టు అట్టలోనే ఉంచండి, ప్రయాణం ముందురోజు రాత్రి దాన్ని వెతుక్కునే ఇళ్లు నేను చాలా చూశాను.